గాలి వాల్వు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లదేనా? (అంగారకుడు, స్వేచ్ఛ, ఇతర ముచ్చట్లు)

చుక్కలరాత్రి · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్ల తర్వాత కొత్త చర్చ మొదలుపెడుతున్నాను.

2020లో స్టార్‌లింక్ ఇంటర్నెట్‌వాళ్లు (రాకెట్లు కట్టే స్పేస్‌ఎక్స్ కంపెనీవాళ్లే) మొదటి వాడకందారులకు ఇచ్చిన ఒప్పందంలో ఒక వింత షరతు ఉంది, గుర్తుందా? అంగారకుడి మీద గానీ, అక్కడికి పోయే దారిలో గానీ సేవలు వాడుకుంటే, అంగారకుడు స్వేచ్ఛా గ్రహమనీ, భూమ్మీది ఏ ప్రభుత్వానికీ అక్కడ అధికారం లేదనీ మనం ఒప్పుకున్నట్టే. తగాదాలొస్తే అక్కడ స్థిరపడినవాళ్లు తమకు తాము పెట్టుకున్న సూత్రాలతో తేల్చుకోవాలట. ఇంట్లో వైఫై కోసం సంతకం పెట్టినవాడు ఒక గ్రహానికి స్వాతంత్ర్యం ప్రకటించేశాడన్నమాట!

అప్పట్లో నవ్వి ఊరుకున్నాను. మొన్న బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు టెలిస్కోపులో అంగారకుణ్ణి చూపిస్తుంటే ఒక అమ్మాయి అడిగింది: "సార్, అక్కడికి పోతే మనల్ని ఎవరూ ఏమీ అనరు కదా?" వెనకాల లైను పెద్దదిగా ఉండటంతో "తర్వాత చెప్తాలేమ్మా" అని తప్పించుకున్నాను. సోమవారం మళ్లీ అడుగుతుంది, వదిలే రకం కాదు.

మీరేమంటారు? భూమి దాటితే స్వేచ్ఛ పెరుగుతుందా, తగ్గుతుందా?

పెన్నాతీరం · 9:52

ఎవరూ ఏమీ అనరు సామీ. అనాలన్నా నోట్లోకి గాలి పోవాల గదా.

లాపాయింట్ · 10:15

ఆ షరతు చట్టం ముందు నిలబడే రకం కాదండీ. 1967 అంతరిక్ష ఒప్పందం ఇప్పటికీ అమల్లో ఉంది, మనమూ అందులో ఉన్నాం. రెండో అధికరణం ప్రకారం చంద్రుణ్ణి గానీ మరే గ్రహాన్ని గానీ ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. అసలు పట్టంతా ఆరు, ఎనిమిది అధికరణాల్లో ఉంది. ప్రైవేటు కంపెనీ ఏం చేసినా దాని దేశం అనుమతి ఉండాలి, ఆ దేశం నిరంతరం ఓ కన్నేసి ఉంచాలి, బాధ్యత కూడా ఆ దేశానిదే. నౌక ఏ దేశం రిజిస్టర్లో ఉందో, నౌక మీదా అందులోని మనుషుల మీదా అధికారం ఆ దేశానిదే. అంటే మీరు అంగారకుడి మీద కొట్టుకున్నా వెంట అమెరికా చట్టమో, భారత చట్టమో వస్తుంది.

సందు ఎక్కడుందంటే తవ్వకాల్లో. 2015లో అమెరికా, 2017లో లగ్జెంబర్గ్ చట్టాలు చేసుకున్నాయి: నేల ఎవరిదీ కాదు, తవ్వి తీసిన సరుకు మాత్రం తీసినవాడిది. సముద్రం ఎవరిదీ కాకపోయినా వలలో పడ్డ చేప జాలరిదే అన్నట్టు. చంద్రుడి సంపద మనుషులందరి ఉమ్మడి ఆస్తి అన్న 1979 ఒప్పందం మీద మనం సంతకమైతే పెట్టాం గానీ ధ్రువీకరించలేదు. 2023లో, చంద్రుడి మీదా ఆ పైనా దేశాలు ఎలా నడుచుకోవాలో చెప్పే, అమెరికా ముందుండి నడిపే ఆర్టెమిస్ ఒడంబడికలో చేరాం.

ఎగిరేపళ్లెం · 10:31

లాపాయింట్ గారూ, కాగితం మీద అంతా బానే ఉంటుంది. ఆచరణలో ఎలా? అంగారకుడికి మాట చేరాలంటే దగ్గరున్నప్పుడు 3 నిమిషాలు, దూరమైనప్పుడు 22 నిమిషాలు. సూర్యుడు అడ్డొచ్చినప్పుడు ఇంచుమించు రెండు వారాలు ఆదేశాలే పంపరు. మనుషుల్ని పంపాలంటే 26 నెలలకోసారి దారి తెరుచుకుంటుంది. అంత దూరంలో ఉన్నవాణ్ణి వాషింగ్టన్‌లో కూర్చుని ఎవడు ఏలతాడు? లండన్‌కు ఉత్తరం పోయి జవాబు రావడానికి నెలలు పట్టే రోజుల్లోనే అమెరికా కాలనీలు చేయి దాటిపోయాయి. దూరమే స్వేచ్ఛ. నేనైతే టికెట్ అందుబాటులోకి వస్తే మొదటి వరసలో ఉంటా. (హ్యూస్టన్ నుంచి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని.)

చుక్కలరాత్రి · 10:58

బ్రో, అమెరికా వెళ్లినవాడికి గాలి ఉచితంగా దొరికింది. అడవిలోకి పారిపోయినా ఊపిరి ఆడింది.

అంగారకుడి మీద వాతావరణ పీడనం మనదాంట్లో నూరో వంతుకన్నా తక్కువ. ఉన్న ఆ కాస్త గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే. నాసా అంగారకుడి మీదకు పంపిన పర్సెవరెన్స్ రోవర్లో మాక్సీ అనే చిన్న యంత్రం పెట్టి దాన్నుంచి ఆక్సిజన్ తీసి చూశారు. 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు వచ్చింది. యంత్రం బాగానే పనిచేసింది, ఆ ప్రయోగం విజయమే. కానీ ఒక మనిషికి రోజుకు 840 గ్రాములు కావాలి. రెండేళ్ల కష్టంతో ఒక మనిషి మూడున్నర గంటలు ఊపిరి పీల్చుకోవచ్చు.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చార్లెస్ కాకెల్ అనే ఖగోళజీవశాస్త్రవేత్త ఎన్నో ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాడు. గాలి కూడా తయారుచేసి పంచాల్సిన సరుకైతే, దాన్ని పంచేవాడికి చరిత్రలో ఏ నియంతకూ లేనంత పట్టు దొరుకుతుందని. రాజు పన్ను వేస్తే ఊరు విడిచి వలసపోయేవాళ్లు మన పూర్వీకులు. అక్కడ తలుపు తీసి ఎక్కడికి పోతాం?

భూమిబల్లపరుపు99 · 11:04

అసలు చంద్రుడి మీదకే పోలేదు, అంగారకుడట

నిర్వాహకుడు · 11:06

దీనికి వేరే చర్చ ఉంది, 340 పేజీలు. అక్కడికి దయచేయండి.

ఖల్లివల్లి_జగిత్యాల · శనివారం ఉదయం 6:10

అన్నలూ, నేను రోజూ చదువుత గాని రాయను. ఈ ముచ్చటల మాత్రం నాకు తెలిసింది ఒకటుంది.

నేను తొమ్మిదేండ్లు సౌదీల ఉన్న. రియాద్ అవుతల ఎడారిల క్యాంపు. దిగంగనే పాస్‌పోర్టు కంపెనీ తీస్కుంది. అకామా (అక్కడ ఉండేటందుకు ఇచ్చే కార్డు) కఫీల్ చేతిల. కఫీల్ అంటె మనల్ని పిలిపిచ్చుకున్న యజమాని. ఇంటికి రావాల్నంటె ఎగ్జిట్ వీసా గూడ ఆయననే ఇయ్యాలె. గోడల్లేవు, తాళాల్లేవు. గేటు తీసే ఉంటది. గని యాడికి పోతవ్? చుట్టూ నలభై కిలోమీటర్లు ఇసుక.

ఒక యేడు ఎండకాలం నాలుగు నెలల జీతం ఆపిండ్రు. మేం పనికి పోమని కూసున్నం. ఎవ్వలు కొట్టలే, తిట్టలే. జనరేటర్ బందు పెట్టిండ్రు. 47 డిగ్రీలల్ల రేకుల రూముల ఏసీ లేదు, మోటర్ లేక నీళ్లు రాలే. రెండో దినం పొద్దుగూకంగనే అందరం బస్సెక్కి పనికి పోయినం. ఎగిరేపళ్లెం అన్నా, దూరమే స్వేచ్ఛ అన్నవ్. మాకు ఇల్లు మూడువేల కిలోమీటర్ల దూరం. ఆ దూరం మాది గాదు, కఫీల్‌ది.

తరువాత నేను పారిపోయిన. ఖల్లివల్లి అంటరు మాలాంటోళ్లను. దొంగతనంగ రెండేండ్లు చేసి, అక్కడి సర్కారు ఆమ్నెస్టీ (మాఫీ) ఇచ్చినప్పుడు ఇంటికొచ్చిన. మార్స్ మీద ఖల్లివల్లి అయితందుకు గూడ లేదు గదా అన్నా.

2021ల అక్కడ రూల్ మారింది, ఇప్పుడు మస్తుమంది కఫీల్‌ను అడగకుండనే కంపెనీ మారొచ్చు, ఇంటికి రావొచ్చు. ఇండ్లల్ల పనిచేసేటోళ్లను, డ్రైవర్లను, గొర్లు ఒంటెలు కాసేటోళ్లను మాత్రం అండ్ల కలపలే.

పెన్నాతీరం · 6:45

నిన్న జోకేసినందుకు సిగ్గుగా ఉండాది తమ్ముడూ.

ఎగిరేపళ్లెం · 8:20

అన్నా, మీరు పడింది చదివి బాధేసింది. కానీ మొదట వెళ్లేవాళ్లు ఇంజనీర్లు, డాక్టర్లు. వాళ్లు లేకపోతే కంపెనీయే నడవదు కాబట్టి బేరమాడే బలం వాళ్లకే ఉంటుంది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో ముగ్గురు వ్యోమగాములు పని ఎక్కువైందని రేడియో కట్టేసి సమ్మె చేశారు. నాసా దిగొచ్చింది.

లాపాయింట్ · 8:47

అదొక కట్టుకథ, సరిచేయక తప్పదు. ఆ మూడో బృందం 84 రోజులు ఉంది. పని ఒత్తిడి నిజం, వెనకబడ్డారు. రేడియో మాట్లాడకపోవడం పొరపాటున జరిగింది, ఎవరూ సమ్మె ప్రకటించలేదు. డిసెంబరు 30న కిందివాళ్లతో మనసు విప్పి మాట్లాడుకున్నారు, షెడ్యూలు సడలించారు. అంతే. ఆ ముగ్గురూ మళ్లీ అంతరిక్షానికి వెళ్లలేదన్నది వేరే సంగతి.

మీరు వెతుకుతున్న ఉదాహరణ వ్యోమగామి క్రికల్యోవ్‌ది. 1991 మేలో సోవియట్ పౌరుడిగా మిర్ అంతరిక్ష స్టేషన్‌కు వెళ్లాడు. డబ్బులు లేక ప్రయాణాలు కుదించారు, అతని స్థానంలోకి రావలసిన మనిషి రాలేదు. 311 రోజులకు, 1992 మార్చి 25న దిగాడు. దిగేసరికి పంపిన దేశమే లేదు. దిగిన నేల వేరే దేశమైపోయింది. కావాలంటే క్యాప్సూల్ ఎక్కి ముందే దిగిపోవచ్చు, పైనే కట్టేసి ఉంది. కానీ దిగితే స్టేషన్ ఖాళీ. ఆ మనిషికి స్వేచ్ఛ ఉందనాలా, లేదనాలా? నాకిప్పటికీ తేలలేదు.

ఖల్లివల్లి_జగిత్యాల · 9:02

క్యాప్సూల్ ఉన్నది గదా సార్. ఉన్నదంటే వేరే లెక్క. మొన్న సునీతా విలియమ్స్ మేడం ఎనిమిది దినాలకని పోయి తొమ్మిది నెలలు ఉండొచ్చింది, ఆమెకు గూడ కిందికి వచ్చేటందుకు ఎప్పుడు ఒక సీటు ఉన్నది. మా తాన పాస్‌పోర్టే లేకుండె.

నల్లబంగారం · 11:30

తమ్మీ ఖల్లివల్లి, నీ ముచ్చట చదివి నేను గూడ రాస్తున్న. నేను బొగ్గుబాయిల ముప్పై ఒక్క ఏండ్లు చేసిన. ఆఖరి పద్నాలుగేండ్లు సర్దార్‌గ. రిటైరై ఆరేండ్లాయె.

అంగారకుని మీద గాలిపొర పల్చన, అయస్కాంత కవచం లేదు, రేడియేషన్ ఎక్కువ. శానా దినాలు ఉండాల్నంటె మీద మట్టి కప్పుకొని కింద బతకాలె అని సైంటిస్టులే అంటున్నరు. మట్టి కింద, ఫ్యాను గాలి మీద, ఒక్క దారిల పోయి వచ్చుడు. దీనికి మాకాడ పేరుంది. బాయి అంటరు.

నేను చేరినప్పుడు నడిచినయి 1957 బొగ్గుగనుల నిబంధనలు. నాకు నోటికి వచ్చు, చెప్త. పని జాగల మనిషి ఒక్కంటికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి తగ్గొద్దు. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గొద్దు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటొద్దు. మండే గ్యాసు (మీథేన్) ఒకటింపావు శాతమైతే కరెంటు కట్. బయటికి రెండు దారులు లేనిదే మనుషులను దింపొద్దు. దిగిన ప్రతోని నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా ఉండాలె, గాలి చెడిపోతే అది మూతికి పెట్టుకొని బయటపడాలె.

సర్దార్ అంటె పెద్ద చదువు గాదు. షిఫ్టుకు ముందు దీపం పట్టుకొని ముఖం కాడికి పోవాలె (బొగ్గు కొట్టే జాగను ముఖం అంటం). మంట చిన్నగ చేసి చూస్తె, గ్యాసు ఉంటె మంట మీద నీలం టోపి లేస్తది. టోపి లేచిందంటె మనుషులను వాపస్ తియ్యాలె. మేనేజర్‌ను అడిగే పని లేదు, టన్నులు పోయినా సరే. ఆ అధికారం నాకు కంపెనీ ఇయ్యలే, చట్టం ఇచ్చింది. ఆ పైన కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటడు. ఆయన గూడ చూస్తడు, బుక్కుల రాస్తడు.

ఇవి ఎవరో దయతలిచి ఇచ్చినయి గావు. 1965ల ధోరీ బాయి పేలి 268 మంది పోయిండ్రు. అట్లాంటి ఒక్కొక్క పేలుడు తరువాత ఒక్కొక్క రూలు గట్టిపడ్డది.

చుక్కలరాత్రి సారు వాల్వు ఎవరి చేతిల అని అడిగిండు. వాల్వు ఎప్పుడూ యజమాని చేతిలనే ఉంటది, బాయిల గూడ పెద్ద ఫ్యాను కంపెనీదే. నేను అడిగేది వేరే: మీటర్ ఎవరు చూస్తున్నరు? చూసినోడు ఆపమంటె ఆగుతదా?

చుక్కలరాత్రి · 11:55

సార్, ఇది చదివాక నా ప్రశ్నే తప్పుగా అడిగాననిపిస్తోంది. రాజ్యాంగం రాయాలా, జెండా ఏ రంగు అని ఆలోచిస్తున్నాం మేమంతా.

సూక్ష్మజీవి · మధ్యాహ్నం 2:20

నల్లబంగారం గారూ, మీ 19 శాతం చూసి ఒక్కసారి లేచి కూర్చున్నాను. నేను తార్నాక దగ్గర ల్యాబులో సూక్ష్మజీవులతో పనిచేస్తాను. మా వాళ్లు తరచూ చెప్పుకునే బయోస్ఫియర్ 2 సంగతి వినండి.

అరిజోనాలో గాజు ప్రపంచం కట్టి 1991 సెప్టెంబరు 26న ఎనిమిది మందిని రెండేళ్లకు లోపల పెట్టారు. బయట గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం కదా, 16 నెలల్లో లోపల 14.5కి పడిపోయింది. సారవంతంగా ఉండాలని వేసిన మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కాంక్రీటు గోడలు పీల్చేసుకున్నాయి, దాంతో మొక్కలకూ అందలేదు. లెక్కలో గోడ ఉందని ఎవరికీ తట్టలేదు! చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించారు. ఈలోపు ఆకలితో, ఆయాసంతో ఎనిమిది మంది నలుగురు నలుగురుగా చీలిపోయి మాటలు మానేశారు.

రెండో బృందం ఇంకా విచిత్రం. 1994 ఏప్రిల్‌లో యజమాని యాజమాన్య బృందాన్ని తప్పించాడు. నాలుగైదు రోజులకే మొదటి బృందంలోని ఇద్దరు తెల్లవారుజామున వచ్చి తలుపులు తెరిచి, గాజులు పగలగొట్టారు. బయట ఏం జరిగిందో లోపలివాళ్లకు సరిగ్గా తెలియదు, ఉండాలో పోవాలో వాళ్లే తేల్చుకోవాలి అన్నది వాళ్ల వాదన. వాళ్ల మీద కేసు పెట్టారు. లోపలివాళ్లు మాత్రం బయటికి రాలేదు, పని కొనసాగించారు. అక్కడ తలుపు తెరిస్తే బయట అరిజోనా గాలి ఉంది.

ఇంకో మాట. ఇంతసేపూ అంగారకుడు ఖాళీ ఇల్లన్నట్టు మాట్లాడుతున్నాం. అందులో ఎవరైనా ఉంటే?

ఎగిరేపళ్లెం · 2:34

ఎవరుంటారక్కా, బ్యాక్టీరియానా? బ్యాక్టీరియాకు ఓటు హక్కు ఇద్దామా?

సూక్ష్మజీవి · 3:10

ఓటు వద్దులే, ముందు వాళ్లెవరో తెలుసుకుందాం. అదే ఎంత కష్టమో మన హైదరాబాదే చెప్పింది.

2005 ఏప్రిల్‌లో ఇక్కడి టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం నుంచి 459 కిలోల పరికరాలతో ఒక పెద్ద బెలూన్ ఎగిరింది. కడిగి, క్రిములు లేకుండా చేసి, లోపలి గాలంతా తీసేసిన ఉక్కు గొట్టాలు, వాటిని చల్లబరచడానికి ద్రవ నియాన్. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చారు. ఇక్కడ సీసీఎంబీ ల్యాబులో, పుణెలో విడివిడిగా పరీక్షిస్తే 12 బ్యాక్టీరియా గుంపులు, 6 శిలీంధ్రాల గుంపులు పెరిగాయి. అందులో మూడు అప్పటిదాకా ఎవరూ ఎరగనివి. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. అతినీలలోహిత కిరణాలను తమ దగ్గరి చుట్టాలైన బ్యాక్టీరియాకన్నా గట్టిగా తట్టుకున్నాయి. అయినా పైనుంచి రాలాయా, కిందినుంచి ఎగిరాయా అన్నది తేలలేదు. అవి బయటివని రుజువైనట్టు కాదని 2009లో ఇస్రోనే స్పష్టంగా చెప్పింది.

మన నెత్తి మీద 41 కిలోమీటర్లలో దొరికినదాని ఊరేదో తేల్చలేకపోయాం. 2024లో పర్సెవరెన్స్‌కు చెయావా ఫాల్స్ అనే రాయి మీద చిరుతపులి మచ్చల్లాంటివి కనిపించాయి. సూక్ష్మజీవుల పని కావచ్చు, వట్టి రసాయనం కావచ్చు. ముక్క తీసి గొట్టంలో పెట్టారు, అది ఇంకా అక్కడే ఉంది. ఈలోగా వందమంది మనుషులు వెళ్లారనుకోండి. ఒక్కొక్కరి ఒంట్లో లక్షల కోట్ల సూక్ష్మజీవులు. రేపు అంగారకుడి మీద ప్రాణి దొరికితే అది అక్కడిదా, ఎగిరేపళ్లెం తమ్ముడి పేగుల్లోదా?

ఎగిరేపళ్లెం · 3:15

అక్కా 😂 సరే, ఓడిపోయా. ఈ ఒక్క పాయింటు మీద మాత్రమే.

పెన్నాతీరం · 5:40

ఖాళీ ఇల్లు అనే మాటకి ఒకటి చెప్పాల. మాది సూళ్లూరుపేట పక్కన. రాకెట్ పోతే మా మేడ మీద కిటికీలు గలగలమంటాయి. అదంటే మాకు గర్వమే, కాదనను. శ్రీహరికోట 1969లో ఎంచుకున్నారు, 71 అక్టోబర్లో మొదటి చిన్న రాకెట్ పోయింది. అంతకుముందు ఆ దీవిలో యానాదులు ఉండినారు. అడవిలో దుంపా తేనే, పులికాట్‌లో చేపలూ, మందు చెట్లూ, వాళ్లకి తెలవంది లేదు. మ్యాపులో చూసినోళ్లకి అది చెట్లూ ఇసకా ఉండే ఖాళీ దీవి. వాళ్లని బయట కాలనీల్లోకి మార్చినారు. మా నాయన చెప్పేవోడు, వాళ్లల్లో ఒక ముసలాయన మా ఊర్లోకొచ్చి, "నీళ్లు కొనుక్కోవాలంట గదా ఇక్కడ" అని ఆశ్చర్యపోయినాడంట.

ఆకాశంలోకి దారేసే చోట్లోనే మొదటి లెక్క తప్పింది మనకి. అంతే నేను చెప్పేది.

లాపాయింట్ · 7:05

నల్లబంగారం గారి ప్రశ్నకు చట్టంలో ఒక చిన్న ఆధారం దొరికింది. 1967 ఒప్పందం పన్నెండో అధికరణం: చంద్రుడి మీద గానీ ఇతర గ్రహాల మీద గానీ కట్టిన స్థావరాలను, ముందుగా చెప్పి వస్తే, సభ్య దేశాల ప్రతినిధులు లోపలికెళ్లి చూడొచ్చు, తమ స్థావరాల్లోకీ అలాగే రానిచ్చే పద్ధతి మీద. అంటే తనిఖీ అనే ఊహ అప్పుడే ఉంది. కానీ చూసేది దేశాల ప్రతినిధి, లోపల ఊపిరి పీల్చేవాడి ప్రతినిధి కాదు. సర్దార్ అనే మాట ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక మేలు జరిగింది. ఆక్సిజన్ తీసే ప్రధాన యంత్రాలు రెండు, రష్యా భాగంలో ఒకటి, అమెరికా భాగంలో ఒకటి. ఒకటి మొరాయిస్తే ఇంకోటి. భూమ్మీద ఈ రెండు దేశాలకు ఎంత చెడినా అక్కడ ఒకరి ఊపిరి ఇంకొకరి చేతుల్లో పూర్తిగా పడలేదు. మీ రెండు దారుల రూలు లాంటిదే.

నల్లబంగారం · 7:30

అట్లనే ఉండాలె. ఒక్క దారి ఉన్న బాయిల మనిషిని దింపుడే తప్పు. ఇంకోటి మరిచిన. రూలు ఉన్నంత మాత్రాన అయిపోదు. టార్గెట్ ఉన్ననాడు "టోపి మంచిగ చూసినవా, కన్ను మసకేసిందేమో" అని పైనోళ్లు అడుగుతరు. ఆ మాటకు జంకినోడు సర్దార్ పనికి పనికిరాడు. పక్కన యూనియన్ ఉన్నది గనుకనే నేను జంకలే, లేకుంటె నేను గూడ జంకుదునేమో. ఆ పిల్లకు ఇది గూడ చెప్పు సారూ.

ఖల్లివల్లి_జగిత్యాల · 8:15

సార్, ఆ దీపం మీ తాన ఉన్నదా ఇంక?

నల్లబంగారం · 8:40

లేదు బిడ్డా, దీపం లాంప్‌రూంల అప్పజెప్పాలె. షిఫ్టు అయినంక దీపం వాపస్ రాకపోతే మనిషి ఇంక కిందనే ఉన్నడని లెక్క. రిటైరైననాడు ఆఖరిసారి ఇచ్చి వచ్చిన. నా నంబరు బిళ్ల ఒకటి మాత్రం ఇంట్ల ఉన్నది. మనుమరాలు ఆడుకుంటది.

చుక్కలరాత్రి · 8:52

ఆ బిళ్ల ఫోటో పెట్టగలరా సార్? సోమవారం మా పిల్లలకు చూపిస్తాను. ఆ అమ్మాయికి ముందు మీ దీపం సంగతి చెప్పి, తర్వాత అంగారకుడి దగ్గరికి వస్తాను.

నల్లబంగారం · 9:10

రేపు మనుమడొస్తడు, పెట్టిపిస్త. ఎక్కడ నొక్కాల్నో నాకు తెల్వది.

నిర్వాహకుడు · 9:12

కింద క్లిప్ గుర్తు మీద నొక్కండి సార్. 2 ఎంబీ దాటకూడదు.